రెండు ల్యాబ్‌లు, రెండు రిపోర్టులు: ఏది నమ్మాలి?

ప్రశ్న: నా వయసు 29, ఇంకా పిల్లలు లేరు. పాప్ స్మియర్‌లో (గర్భాశయ ముఖద్వారం కణాల పరీక్ష) తేడా ఉందని కాల్పోస్కోపీ (ఆ భాగాన్ని పరికరంతో పెద్దదిగా చేసి చూడడం) చేసి గర్భాశయ ముఖద్వారం నుంచి ముక్క తీశారు. ఒక ల్యాబ్ ‘సీఐఎన్ 2’ (క్యాన్సర్ ముందు దశల్లో మధ్యస్థమైనది) అని రిపోర్టు ఇచ్చింది. అవే స్లైడ్లు చూసిన మరో పాథాలజిస్టు క్యాన్సర్ ముందు దశ కాదని, ‘ఇమ్మెచ్యూర్ మెటాప్లేసియా’ (కణాలు ఒక రకం నుంచి మరో రకంగా మారుతూ ఇంకా పరిపక్వం కాని స్థితి) కావచ్చని అన్నారు. మా గైనకాలజిస్టు మాత్రం లీప్ (మార్పు వచ్చిన భాగాన్ని విద్యుత్ తీగతో కోసి తీసే చికిత్స) చేయించుకోమని సలహా ఇచ్చారు. మళ్లీ ముక్క తీయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా ధైర్యంగా ఉండండి. రెండు రిపోర్టుల్లో ఏదీ మీకు క్యాన్సర్ ఉందని చెప్పడం లేదు. రిపోర్టులు కలవకపోవడం ఎవరి నిర్లక్ష్యమో అని కూడా అనుకోవద్దు. మార్పు చెందిన కణాలు పై పొర మందంలో కింది మూడో వంతులోనే ఉంటే సీఐఎన్ 1 అని, దాదాపు పొరంతా ఆక్రమిస్తే సీఐఎన్ 3 అని అంటారు. ఈ రెంటి నడుమ ఉన్న సీఐఎన్ 2 విషయంలోనే అనుభవజ్ఞులైన పాథాలజిస్టులు సైతం తరచుగా విభేదిస్తారు. ఇమ్మెచ్యూర్ మెటాప్లేసియా హానిలేని మార్పే అయినా, అందులోనూ కణాలు ఒత్తుగా, కేంద్రకాలు పెద్దవిగా కనిపించి ముందు దశను తలపిస్తాయి.

ఈ చిక్కు తీర్చడానికే పీ16 అనే పరీక్ష ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్‌లోని ప్రమాదకరమైన రకాలు తయారుచేసే ఈ7 అనే ప్రోటీన్, కణ విభజనకు కళ్లెం వేసే ఆర్‌బీ ప్రోటీన్‌ను పనిచేయనివ్వదు. దాని ఫలితంగా కణంలో పీ16 అనే ప్రోటీన్ పేరుకుపోతుంది. ప్రత్యేక రంగు వేసినప్పుడు అది అడుగు వరుస నుంచి కనీసం మూడో వంతు మందం వరకూ తెగకుండా గాఢంగా పట్టుకుంటేనే పాజిటివ్ అనాలి. అక్కడక్కడా మచ్చలుగా పడితే కాదు. సీఐఎన్ 2 అనిపించినప్పుడు, పాథాలజిస్టుల అభిప్రాయాలు కలవనప్పుడు ఈ పరీక్ష చేయాలని 2012లో కాలేజ్ ఆఫ్ అమెరికన్ పాథాలజిస్ట్స్, కాల్పోస్కోపీ నిపుణుల సంఘం కలిసి సూచించాయి. మీ పరిస్థితి సరిగ్గా ఇదే. స్పష్టమైన సీఐఎన్ 1కు మాత్రం ఇది వద్దన్నారు. అందులోనూ కొన్ని పాజిటివ్ వస్తాయి కనుక అనవసర చికిత్సకు దారి తీస్తుంది.

మళ్లీ ముక్క తీయించుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు. మొదటి ల్యాబ్ నుంచి పారాఫిన్ బ్లాక్ (మీ ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మ), స్లైడ్లు అడిగి తీసుకుని, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (పీ16 లాంటి ప్రోటీన్లను రంగుతో గుర్తించే పరీక్ష) చేసే చోట ఇవ్వండి. పాప్ స్మియర్, హెచ్‌పీవీ, కాల్పోస్కోపీ రిపోర్టులు కూడా జతచేయండి. ఇవేవీ లేకుండా పాథాలజిస్టుకు స్లైడు మాత్రమే పంపే అలవాటు మన దగ్గర పోవాలి. బ్లాక్‌ను మరికొంత లోతుగా కోసి చూడమనీ అడగండి. ముక్క ఏటవాలుగా తెగితే అడుగు కణాల వరుసలే మందంగా కనిపించి పొరబాటుకు తావిస్తాయి. బ్లాక్‌లో కణజాలం మిగలకపోయినా, కాల్పోస్కోపీలో కనిపించిన తీవ్రతకు రిపోర్టు పొంతన లేకపోయినా అప్పుడు మళ్లీ తీయవచ్చు.

పీ16 పాజిటివ్ వచ్చి సీఐఎన్ 2 అని తేలినా వెంటనే లీప్ తప్పనిసరి కాదు. చికిత్స లేకుండా గమనించిన సీఐఎన్ 2 కేసుల్లో సుమారు సగం రెండేళ్లలో తగ్గిపోయినట్లు 2018లో వెలువడిన ఒక విశ్లేషణ చూపింది. లీప్ వల్ల తర్వాతి గర్భంలో నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కొంత పెరుగుతుంది కాబట్టి, కాల్పోస్కోపీలో మార్పు జరిగిన ప్రాంతమంతా స్పష్టంగా కనిపిస్తూ, ఆరు నెలలకోసారి పరీక్షకు మీరు తప్పక రాగలిగితే వేచి చూడడం న్యాయమే. సీఐఎన్ 3 అయితే ఆలస్యం చేయకూడదు. ఇలాంటి ఒక్క రిపోర్టు పట్టుకుని గర్భసంచి తీయించుకోమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సీఐఎన్ 2కు అది తొలి చికిత్స కానే కాదు. పీ16 ఫలితం చేతికి వచ్చాక దాన్ని మీ గైనకాలజిస్టుకు చూపించి, ఆ తర్వాతే లీప్ అంగీకార పత్రంపై సంతకం సంగతి ఆలోచించండి.