ఫోన్లోంచి ల్యాప్‌టాప్‌కి పెద్ద వీడియోలు పంపడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

"పెద్ద పెద్ద వీడియోలు ఫోన్లోంచి ల్యాప్‌టాప్‌లోకి వేసుకోవాలి, మంచి యాప్ ఏదో చెప్పండి" అని అడిగారు. యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ కేబుల్ ఎక్కడ కొన్నారో చెప్పండి.

వేళాకోళానికి అనడం లేదండి. రాజోలు దగ్గర ఫోటో స్టూడియో నడుపుతున్నాను, పదిహేనేళ్ల పైమాటే. ఫైళ్లు ఎక్కట్లేదని నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఎనిమిదిమందికి సాఫ్ట్‌వేర్‌తో పనే లేదు, కేబుల్ మారిస్తే సరిపోతుంది. సంతలో డెబ్బై రూపాయలకి దొరికే రకంలో కరెంటు పోయే తీగలే ఉంటాయి, డేటా పోయే తీగలు ఉండవు. ఛార్జింగ్ ఎక్కుతోంది కదా, కేబుల్ బాగానే ఉంది అనుకుంటారు. ల్యాప్‌టాప్‌కి మాత్రం అక్కడో ఫోన్ ఉన్నట్టే తెలియదు. కేబుల్ మంచిదే అయినా గుచ్చగానే ఫోన్ ఛార్జింగ్ మోడ్‌లోనే ఉండిపోతుంది. పైనుంచి నోటిఫికేషన్ కిందకి లాగి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' నొక్కాలి. ఈ ఒక్క ముక్క చెప్పినందుకు ఒకాయన మర్నాడు బండి మీద ఓ గెల బొండాలు తెచ్చి స్టూడియో అరుగు మీద పెట్టి వెళ్లాడు.

నాకూ ఈ జ్ఞానం పుట్టుకతో రాలేదు. 2022 మే నెలాఖరులో వచ్చింది.

జిల్లా పేరు విషయంలో అమలాపురంలో గొడవలు జరిగి, కోనసీమలో మొబైల్ నెట్ ఆపేసిన రోజులవి. ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునే మా కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి కూర్చునేవారు. నెట్ లేదని ముహూర్తాలు ఆగవు కదా. మలికిపురం వైపు ఒక పెళ్లి ఒప్పుకున్నాను. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి, ఎప్పుడూ జరిగేదే, పెళ్లికూతురి బాబాయిలు ముగ్గురు సరిగ్గా మా కెమెరా ముందుకి వచ్చి నిలబడ్డారు. పక్కకి జరగండి బాబూ అంటే జరుగుతారు, మళ్లీ అక్కడికే వస్తారు. ఇన్నేళ్లలో నేను ముహూర్తాల కంటే బాబాయిల వీపులే ఎక్కువ తీశాను. ఈ ఊళ్లో ఎవరి వీపు ఎవరిదో చూడకుండా చెప్పగలను.

రాత్రి కూర్చుని చూసుకుంటే ఆ ఘట్టమంతా తెల్ల చొక్కాలే. టెన్షన్ పట్టుకుంది. మర్నాడు పొద్దున్న వాకబు చేస్తే తేలింది, పెళ్లికూతురి పెద్దమ్మ కొడుకు మండపం అవతలి వైపు నుంచి ఫోన్లో మొత్తం తీశాడట. ఫోర్ కేలో, పదహారు నిమిషాలు, ఒకటే ఫైలు, 6 జీబీ దగ్గర. సాయంత్రం హైదరాబాద్ బస్సు. "దానిదేముంది మాస్టారూ, వెళ్లగానే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపిస్తాను" అన్నాడు. వెళ్లగానే పంపిస్తామన్న వీడియో ఇన్నేళ్లలో నాకు ఒక్కటీ రాలేదు. "అలా కాదు గానీ నాన్నా, బస్సు ఎక్కేలోగా ఇచ్చేసి వెళ్లు" అన్నాను.

వాడి దగ్గరున్నది పైన చెప్పిన డెబ్బై రూపాయల రకం కేబుల్. నా కేబుల్ తమ్ముడు కెమెరా సంచీతో పాటు ఇంకో పెళ్లికి పట్టుకుపోయాడు. సరే, పెన్‌డ్రైవ్ ఫోన్‌కి తగిలిద్దామన్నాను. 32 జీబీది, ఖాళీగా ఉంది. కొంత దూరం ఎక్కి ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ ఆగింది. ఖాళీ ఉండి కూడా ఎక్కకపోవడమేంటని ఇద్దరం దాన్ని తిట్టుకున్నాం. తప్పు పెన్‌డ్రైవ్‌ది కాదు, దాని ఫార్మాట్‌ది, అంటే లోపల ఫైళ్లు సర్దే పద్ధతిది. అది ఫ్యాట్32 అనే రకం, అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, డ్రైవ్ ఎంత పెద్దదైనా సరే. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో రకంలోకి మార్చుకుంటే ఈ గొడవ ఉండదు, కాకపోతే మార్చేటప్పుడు లోపల ఉన్నదంతా పోతుంది, ముందే తీసి దాచుకోండి. బ్లూటూత్ పెట్టి చూశాం. అది నడిచిన తీరు లెక్కేస్తే ఎనిమిది గంటల పైనే పడుతుంది. బస్సుకి మూడు గంటలు ఉంది.

అప్పుడు ఆ కుర్రాడే, ఫైల్ మేనేజర్‌లో ఎప్పుడూ నొక్కని ఒక గుర్తు చూపించి "ఇదేంటి మాస్టారూ, ఎఫ్‌టీపీ అంటోంది" అన్నాడు. కంప్యూటర్ సెంటర్‌లో నేర్చుకునే రోజుల్లో విన్న మాట, ఒక మెషీన్లోంచి ఇంకోదానికి ఫైళ్లు పంపే పద్ధతి. వెబ్‌సైటు వాళ్లు వాడుకునే సామాను అనుకుని వదిలేశాను. సరే చూద్దామని వాడి ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టించి నా ల్యాప్‌టాప్ దానికి కలిపాను. నెట్ లేదు కదా, హాట్‌స్పాట్ ఎందుకు అంటారేమో. రెండు మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వైఫై ఉంటే చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు. చేపల చెరువు గట్టు మీద కూర్చున్నా పని చేస్తుంది. ఫోన్లో ఎఫ్‌టీపీ ఆన్ చేయగానే ftp://192.168 అని మొదలయ్యే ఒక అడ్రస్ కనిపించింది. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ తెరిచి పైనున్న అడ్రస్ గడిలో అదే కొడితే వాడి ఫోన్లో ఫోల్డర్లన్నీ వచ్చి నిలబడ్డాయి. కాపీ, పేస్ట్. పచ్చగీత కదులుతుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. 12 నిమిషాల్లో అయిపోయింది. ఒక్క యాప్ వేసుకోలేదు, ఒక్క ప్రకటన చూడలేదు.

తర్వాత తెలిసింది, ఈ ఎఫ్‌టీపీకి 1971 ఏప్రిల్‌లో మొదటి నమూనా రాసింది మన దేశంలో పుట్టి పెరిగిన అభయ్ భూషణ్ అనే ఆయనేనట, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ విద్యార్థి. యాభై ఏళ్లు దాటిన సరుకు మా పెళ్లి గట్టెక్కించింది. దీనికి ఒక లోపం ఉంది. పాస్‌వర్డ్ గానీ ఫైలు గానీ ఏ తాళమూ లేకుండా గాలిలో పోతాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లో దీన్ని తీసేశాయి కూడా. ఇంట్లో, మన హాట్‌స్పాట్ మీద ఫర్వాలేదు. లాడ్జి వైఫై మీద మాత్రం పెట్టకండి, పని అవ్వగానే ఆపేయండి.

యాప్ కావాలనే పట్టుదల ఉంటే క్విక్ షేర్ వాడండి. గూగుల్ వాళ్లు 2020లో నియర్‌బై షేర్ అని తెచ్చిందే, 2024లో శాంసంగ్ వాళ్ల దానితో కలిపి ఆ పేరు పెట్టారు. విండోస్‌కి కూడా ఉంది. ఇంట్లో ఒకరికి ఐఫోన్, ఒకరికి ఆండ్రాయిడ్ ఉంటే లోకల్‌సెండ్ వేసుకోండి, ఉచితం, ప్రకటనల గోల లేదు. ఒకప్పుడు ప్రతి ఫోన్లో ఉండే షేర్‌ఇట్, జెండర్ రెండూ 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో పోయాయి. ఇప్పుడు వాటి పేరు చెప్పుకుని ఎక్కడెక్కడో దొరికే ఫైళ్లు దింపి ఫోన్లో వేసుకుంటున్నారు, అది మాత్రం చేయకండి.

ఇక వాట్సాప్. మీరు దాని గురించి అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. మా దగ్గరికి పెద్దకర్మ ఫ్లెక్సీకని ఫోటోలు వస్తాయి. తాతగారి ఫోటో మనవడు తీశాడు, అక్కకి పంపాడు, అక్క గ్రూపులో పెట్టింది, గ్రూపులోంచి నాకు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోని నొక్కేసి చిన్నది చేస్తుంది, తీసిన తేదీ వివరాలు కూడా ఊడిపోతాయి. దాన్ని ఎనిమిదడుగుల ఫ్లెక్సీ మీదకి లాగితే తాతగారి మీసం గళ్లుగళ్లుగా వస్తుంది. "ఏవండీ, మీ మెషీన్ పాడైందా" అని నన్నే అడుగుతారు. అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి బాబూ, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. 2 జీబీ దాకా పోతుంది కూడా.

ఇంకొక్క మాట. కట్ చేసి పేస్ట్ చేయకండి, కాపీ చేయండి. మధ్యలో కేబుల్ కదిలి ఒక అన్నప్రాశన ఫోటోలు సగం పోగొట్టుకున్నవాణ్ణి చెబుతున్నాను. రెండు వైపులా ఫైలు సైజు ఒకటేనా చూసి, చివరి నిమిషం తెరిచి ఆడించి, అప్పుడు ఫోన్లోంచి తీసేయండి. ఆ రోజు నేనూ అలాగే చూశాను. చివర్లో అక్షింతలు పడుతుంటే పెళ్లికూతురు తల పక్కకి తిప్పి నవ్వింది, అది కూడా ఉంది. కుర్రాడు బస్సు అందుకున్నాడు.

పది రోజులకి ఎడిటింగ్ అంతా పూర్తి చేసి, ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చిన పెన్‌డ్రైవ్‌లో పెట్టి పెళ్లికూతురి నాన్నగారి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదంతా ఎందుకండీ, నెట్ వచ్చాక వాట్సాప్‌లో పెట్టేద్దురూ" అన్నారు.