డిటెక్టివ్ నవలను నలుగురితో కలిసి చదవబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి, విజయనగరం నుంచి మీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ శ్రీకాకుళంలో తొమ్మిది మంది కలిసి ఆదివారం సాయంత్రాలు పుస్తకాలు చదువుకుంటున్నారనీ, ఈసారి అందరూ ఇంగ్లీషు రచయిత విల్కీ కాలిన్స్ రాసిన డిటెక్టివ్ నవల మూన్‌స్టోన్ చదువుదామన్నారనీ, చర్చ నడిపే బాధ్యత నీ మీద పడిందనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం ఉన్న ఊరివాళ్ళకు పుస్తకం గురించి మాట్లాడుకోవడం నేను నేర్పనక్కరలేదు. అయితే డిటెక్టివ్ నవలకు మిగతా పుస్తకాలకు లేని చిక్కు ఒకటి ఉంది. ముగింపు తెలిసినవాడు ఒక్కడు నోరు జారినా చాలు, మిగతా ఎనిమిది మందికీ ఆలోచించే పని లేకుండా పోతుంది.

నా చిన్నతనంలో మా గంటస్తంభం దగ్గర ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అక్కడ ఒక్కరోజు కూడా బల్ల మీద నిలిచేవి కావు. నాకంటే ముందు అద్దెకు తీసుకున్న మహానుభావుడెవరో ఒక పుస్తకంలో పదో పేజీలోనే ఒక పేరు కింద పెన్సిలుతో గీత గీసి, పక్కన ‘వీడే’ అని రాసి పెట్టాడు. ఆ మనిషి నోరు విప్పినప్పుడల్లా అబద్ధమే ఆడుతున్నాడనుకుంటూ చివరిదాకా చదివాను. తీరా చూస్తే హంతకుడు వేరే ఆయన. అంటే రాసినవాడు కూడా పుస్తకం పూర్తి చేయకుండానే తీర్పు ఇచ్చేశాడన్నమాట. నిజమైన రహస్యం బయటపడితేనే కాదు, తప్పుడు ఊహను గట్టిగా చెప్పినా చదువు పాడవుతుందని అప్పుడు తెలిసింది. అందుచేత నువ్వు మొదట పెట్టవలసిన కట్టుబాటు ఒకటే: ప్రతి ఆదివారానికీ ఏ పేజీ దాకా చదవాలో ముందే నిర్ణయించి, మాటలన్నీ ఆ పేజీ దగ్గరే ఆపండి. ఆత్రం ఆపుకోలేక ముందుకు వెళ్ళిపోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. వాళ్ళను మందలించి లాభం లేదు. చర్చలో వచ్చిన మాటలు నోటుపుస్తకంలో రాసే పని వాళ్ళకు అప్పగించు. తల వంచుకొని రాసుకొనేవాడి ముసిముసి నవ్వు ఎవరికీ కనిపించదు.

ఈ నవల 1868 జనవరి నుంచి ఆగస్టు వరకు ఒక వారపత్రికలో 32 భాగాలుగా సీరియల్‌గా వచ్చింది. ఆనాటి పాఠకులు వారం వారం ఆగి చదివినదాన్ని మనవాళ్ళు ఒక్క రాత్రిలో మింగేయాలనుకోవడం న్యాయం కాదు. వారానికి ఒక్క భాగం చొప్పున చదివితే మీకు ఏడు నెలలు దాటిపోతుంది కాబట్టి, మూడేసి భాగాలంత మేర చదివితే పదకొండు ఆదివారాలకు సరిపోతుంది. భాగాల గుర్తులు మీ ప్రతిలో లేకపోతే అధ్యాయం చివర ఎక్కడ ఉత్కంఠ పెరిగిందో అక్కడ ఆగండి. ఇంకొక మాట. పండితులు రాసిన ముందుమాటలు ఎంత గొప్పవైనా సరే, వాటిని అందరూ చివరనే చదవాలి. కథ అందరికీ తెలిసిందే అన్న భ్రమలో వాళ్ళు మొదటి పేజీలోనే గుట్టు విప్పేస్తుంటారు.

ఇక చర్చ ఎలా నడపాలన్నది అసలు విషయం. ముప్పై ఏళ్ళకు పైగా కోర్టులో బెంచి క్లర్కుగా ఉండి నేను నేర్చుకున్నది ఇక్కడ నీకు పనికొస్తుంది. ఒక కేసులో సాక్షి బోనెక్కి, ముద్దాయి పారిపోయాడని చెప్పాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, ‘పరుగెత్తడం చూశావా, పారిపోవడం చూశావా?’ అని అడిగారు. సాక్షి కాసేపు నీళ్ళు నమిలి, పరుగెత్తడమే చూశానని ఒప్పుకున్నాడు. కంటికి కనిపించింది పరుగు. పారిపోవడమన్నది సాక్షి మనసులో పుట్టింది. మూన్‌స్టోన్ పూర్తిగా ఇటువంటి సాక్షుల పుస్తకం. ఒక సంపన్న కుటుంబంలో వజ్రం పోయిన కథను, తనకు స్వయంగా తెలిసిన మేరకే చెప్పాలన్న షరతు మీద, ఒకరి తర్వాత ఒకరు రాసుకుంటూ వస్తారు. మొదట రాసేవాడు ఆ ఇంటి ముసలి నౌకరు గేబ్రియల్ బెటరెడ్జ్. మనలో కొందరు కష్టం వచ్చినప్పుడు భాగవతం తెరిచి చూసుకున్నట్టు, ఆయన రాబిన్సన్ క్రూసో తెరిచి దారి వెతుక్కుంటాడు. మంచివాడు, మాటకారి, యజమానురాలి మీద ప్రాణం పెట్టుకున్నవాడు. అందుకే ఆయన మాటను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. మీ నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయించు: ఈ మనిషి కళ్ళతో చూసింది, ఇంకొకరు చెప్పగా విన్నది, తానుగా అనుకున్నది. ఎవరైనా ‘ఫలానావాడే దొంగ’ అనగానే ఆ మాటకు ఆధారం ఏ గడిలో ఉందో చూపించమని అడుగు. వాదం దానంతట అదే చల్లబడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది పన్నెండో అధ్యాయంలో వస్తుంది, దీనివల్ల దొంగ ఎవరో తెలియదు గనుక భయపడకు. వజ్రం పోయిన గది తలుపుకు కొత్తగా వేసిన రంగు ఒకచోట చెదిరిపోయి ఉంటుంది. గదిలోకి గుంపుగా వచ్చిన పనిమనుషుల గౌన్లు తగిలి చెదిరిందని స్థానిక పోలీసు సూపరింటెండెంటు కొట్టిపారేస్తాడు. లండన్ నుంచి వచ్చిన సార్జెంట్ కఫ్ మాత్రం అక్కడే నిలబడి లెక్క కడతాడు. ఆ చోట రంగు వేయడం బుధవారం మధ్యాహ్నం 3 గంటలకు ముగిసింది. ఆరడానికి 12 గంటలు పడుతుంది. అంటే గురువారం తెల్లవారుజామున 3 గంటలకే ఆరిపోయింది. పనిమనుషులు ఆ గదిలోకి వచ్చింది 11 గంటలకు, అంటే రంగు ఆరిన 8 గంటల తర్వాత. ఆరిన రంగు గౌను తగిలితే చెదరదు కదా! ఈ ఘట్టం వచ్చిన ఆదివారం, కఫ్ నోరు విప్పే ముందు పేజీ దగ్గర అందరినీ ఆపి, ఆ వేళలు ఒక కాగితం మీద రాసి మధ్యలో పెట్టు. లెక్క వాళ్ళనే కట్టనివ్వు. మీ బృందంలో ఎవరికి లెక్క తడుతుందో చూడడం గులాబీల పిచ్చి ఉన్న ఆ సార్జెంటును చూసి ముచ్చటపడడం కంటే బాగుంటుంది.

మనవాళ్ళు ఈ నవలను వదలకుండా మాట్లాడవలసిన సంగతి ఇంకొకటి ఉంది. కథ మొదలయ్యేది 1799లో శ్రీరంగపట్నం ముట్టడితో. వజ్రం ఇక్కడినుంచి దోచుకుపోయినదే. ఇంగ్లండులో అది పోగానే మొదటి అనుమానం దాని కోసం వచ్చిన ముగ్గురు భారతీయుల మీద పడుతుంది. ఆ రాత్రి వాళ్ళు వేరేచోట ఉన్నారని రుజువైనా, దేశదిమ్మరులన్న నెపంతో మేజిస్ట్రేటు వారం రోజులు కటకటాల వెనక పెడతాడు. కోర్టులో పనిచేసినవాడిని గనుక ఆ పేజీ దగ్గర నాకు ఒళ్ళు మండింది. రచయిత దీన్ని తప్పని చెప్పదలచాడా, మామూలు సంగతిగా చెప్పుకుపోయాడా అని అడిగి చూడు. ఆ వారం టీ చల్లారిపోతుంది.

అనుమానాల విషయంలో పాత పద్ధతే మంచిది. ప్రతి ఆదివారం లేచేముందు ఒక్కొక్కరూ ఒక చీటీ మీద తాము అనుమానిస్తున్న పేరు, కారణం, పేజీ సంఖ్య రాసి డబ్బాలో వేయాలి. పేజీ సంఖ్య లేని చీటీ చెల్లదు. చివరి ఆదివారం వాటిని వరసగా తెరిస్తే ఎవరి మనసు ఎక్కడ, దేన్ని చూసి మారిందో బయటపడుతుంది. దొంగ పేరు సరిగ్గా రాసినవాళ్ళను మరీ మెచ్చుకోకు. గుడ్డిగా వేసిన రాయి కూడా ఒక్కోసారి తగులుతుంది.

ముగింపు తెలిసిన తర్వాత ఇంకో ఆదివారం తప్పకుండా కూర్చోండి. చాలా బృందాలు ఇక్కడే చేతులు దులుపుకుంటాయి, అది నాకు నచ్చదు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆయన డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలనీ, పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని పాఠకుడికి దాచకూడదనీ వాటిలో ఉన్నాయి. అంతకు 61 ఏళ్ళ ముందే వచ్చిన ఈ నవల ఆ రెండింటికీ నిలబడుతుందో లేదో మొదటి పేజీలు మళ్ళీ తిరగేసి తేల్చండి. అప్పుడు ఒక అధ్యాయంలో ఊసుపోక ఆడినట్టు కనిపించిన మాటలు చదివి మీలో ఎవరో ఒకరు తల పట్టుకుంటారు. అది ఏ అధ్యాయమో ఇప్పుడు చెప్పను. చెబితే నేనూ ఆ పెన్సిలు మహానుభావుడినే అవుతాను.

రథసప్తమికి అరసవల్లి వస్తాను. అప్పటికి మీ చదువు సగంలో ఉంటుంది కాబట్టి డబ్బా చూపించు గానీ, మూత తీయకు.

ఇట్లు,
మీ మావయ్య