ఎర్రమందార నలుపు తెలుపులో ఎందుకు తేలిపోతుంది?

ప్రశ్న: కడియం నర్సరీల్లో తీసిన ఎర్రమందార ఫొటోలను నలుపు తెలుపులోకి మారిస్తే పువ్వు ఆకుల్లో కలిసిపోతోంది. పువ్వును నడిమధ్యకు తెచ్చి చుట్టూ కత్తిరించినా బొమ్మకు నిండుదనం రావడం లేదు. ఎలా క్రాప్ చేయాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: క్రాపింగ్‌కు ముందే చూసుకోవలసిన సంగతి ఒకటుంది. ఎర్రటి రేకులూ పచ్చటి ఆకులూ రంగులో ఎంత వేరైనా వెలుగులో చాలాసార్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక, రంగు తీసేయగానే రెండూ ఒకే బూడిద ఛాయలోకి వస్తాయి. అందుచేత ఫొటోను రంగుల్లోనే, వీలైతే రా ఫైలుగా (కెమెరా సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని కుదించకుండా దాచే ఫైలు) తీసి, ఎడిటింగ్ యాప్‌లో నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఎరుపు స్లైడర్‌ను (ఆ రంగు ఎంత తెల్లగా రావాలో సరిచేసే మీట) పెంచి, ఆకుపచ్చనూ పసుపునూ తగ్గించండి. ఆకుల్లో పసుపు పాలు కూడా ఎక్కువే. అయితే పుప్పొడీ పసుపే కాబట్టి అది నల్లబడకుండా గమనించుకోవాలి. ఎరుపును మరీ పెంచితే రేకుల మీది సన్నని ఈనెలు చెరిగిపోతాయి, మందార అందమంతా ఆ ఈనెల్లోనే ఉందని నా అభిప్రాయం.

ఛాయలు కుదిరాకే క్రాప్ మొదలుపెట్టండి. రంగుల్లో కంటికి ఆనని తెల్లటి ఆకాశపు ముక్క నలుపు తెలుపులో చూపును మూలకు లాక్కుపోతుంది. ముందు దాన్ని తీసేయండి. మందారలో చూపును నడిపేది రేకుల మధ్యనుంచి పొడుచుకువచ్చే కేసరాల కాడ. అది ఎటు వాలితే అటువైపు ఎక్కువ చోటు వదిలి, కాడ మొదలును ఫ్రేము మధ్యనుంచి కాస్త పక్కకు జరిపితే, దాని కొసనున్న అయిదు చిన్న బొడిపెలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. రేకుల అంచులు మాత్రం ఫ్రేమును అంటీ అంటనట్టు ఉండకూడదు. పూర్తిగా లోపలైనా ఉంచండి, లేదా ధైర్యంగా లోతుగా కోయండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కనింగ్‌హామ్ 1925లో తీసిన మాగ్నోలియా చిత్రంలో రేకులు ఫ్రేము దాటిపోతాయి. పువ్వు నడిమి భాగమే బొమ్మంతటికీ ఆధారంగా నిలుస్తుంది. ఆమె కోత పువ్వును తగ్గించలేదు, ఇంకా పెద్దది చేసింది.

అయితే కంప్యూటర్ మీద ఎంతైనా కోయవచ్చని అనుకోకండి. 6000×4000 పిక్సెళ్ల ఫొటోను పొడవులోనూ వెడల్పులోనూ సగానికి తగ్గిస్తే మిగిలేది నాలుగో వంతే. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన దాన్ని 10 అంగుళాల వెడల్పుకు మించి ముద్రించలేము. వీలైనంత కోత నర్సరీలోనే, పువ్వుకు దగ్గరగా జరిగి, కెమెరా తెరలో చూసుకుంటూ ముగించండి.