కొంగలు వాలితే చెరువు బాగున్నట్టేనా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లె. ఈ వేసవిలో మా చెరువులో కొంగలు వందల్లో వాలాయి. చెరువు నిక్షేపంలా ఉందని ఊరంతా సంబరపడుతోంది. మా అమ్మమ్మ ఒక్కతే, "చేప మట్టివాసన కొడుతోంది, చెరువుకేదో అయింది" అంటోంది. ఎవరి మాట నమ్మమంటారు?
– ఓ డిగ్రీ విద్యార్థిని

జవాబు: అమ్మమ్మ మాటే నమ్మమ్మా. పూర్తిగా కాకపోయినా, ముప్పాతిక వంతు.

వేసవిలో నీరు అడుగంటితే చేపలన్నీ నడిమి మడుగులోకి చేరి ఇరుక్కుపోతాయి. కొంగలకి అది పెళ్లిభోజనం. చెరువు ప్రాణం పోయేముందు కూడా అవి బారులు తీరి వస్తాయి. అందుకని ఎన్ని వాలాయో లెక్కపెట్టడం కంటే ఏవి వాలాయి, ఏం తింటున్నాయి అని చూడడం మేలు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి ఏటా వచ్చే నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందు ఉంటుంది. దాని ముఖ్యమైన మేత నత్తలు. అది మీ చెరువులో దిగి రోజూ మేస్తోందంటే అడుగున నత్తలున్నట్టే. మీ పక్కనున్న తేలినీలాపురంలో గూడబాతులు గూళ్లు కట్టేది ఊళ్లో చెట్లమీద, మేతకి పోయేది మాత్రం నౌపడ చిత్తడి నేలల వైపు. గూడు చూసి నీటి సంగతి చెప్పలేం.

నేనూ బోల్తాపడ్డవాణ్నే. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల్ని వెంటబెట్టుకుని ఓ చెరువు పరీక్షకి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం రెండింటికి సీసాలో నీళ్లు పట్టి, మందులు కలిపితే అడుగున చిక్కటి గోధుమరంగు మడ్డి దిగింది. అంటే ఆక్సిజన్ దండిగా ఉన్నట్టు. లీటరుకు పది మిల్లీగ్రాములు దాటింది. "భేష్" అని రాసేశాను. రెండ్రోజులకి ఆ ఊరి రైతు కబురంపితే తెల్లవారుజామున వెళ్లాను. చేపలు నీటిమీదకి నోళ్లు పెట్టి గుటకలు మింగుతున్నాయి. నీళ్లు పచ్చగా, చిక్కగా ఉన్నాయంటే ఆ నాచు పగలు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తనే పీల్చేస్తుంది. తెల్లారేసరికి ఖాళీ. చేపలకీ వన్యప్రాణులకీ పనికొచ్చే నీళ్లలో ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అంటుంది. ఆ కొలత మధ్యాహ్నం తీస్తే ఏం లాభం? మీరు అయిదింటికి లేచి వెళ్లండి. పరికరం లేకపోయినా చేపల నోళ్లు చెబుతాయి.

తర్వాత వంటింట్లోంచి ఓ జల్లెడ, తెల్ల పింగాణీ పళ్లెం పట్టుకెళ్లండి (అమ్మని అడిగి). గట్టు పక్క తుంగ మొదళ్లలో జల్లెడ దేవి, వచ్చిందంతా పళ్లెంలో నీళ్లు పోసి వదలండి. ఓ నిమిషం ఏమీ కదలదు. ఆ తర్వాత చెత్త అనుకున్నది నడవడం మొదలెడుతుంది. మట్టిరంగులో, ఆరు కాళ్లతో, పెద్ద కళ్లతో కనిపించేది తూనీగ పిల్ల. దాని కింది పెదవి మడతపెట్టిన చెయ్యిలా ఉంటుంది. ఎర కనబడితే ఒక్కసారిగా బయటికి చాస్తుంది. మా విద్యార్థిని ఒకమ్మాయి అది చూసి పళ్లెం పారేసింది. అలాంటివి నాలుగైదు రకాలు, నత్తలు, చిన్న రొయ్యలు దొరికితే దిగులు పడక్కర్లేదు. అవేవీ లేక ఎర్రటి దారప్పోగుల్లాంటి పురుగులే గుంపుగా కదిలితే చెరువు జబ్బుపడ్డట్టే. వాటి ఒంట్లో మన నెత్తురులాగే హిమోగ్లోబిన్ ఉంటుంది, ఆక్సిజన్ అందని బురదలోనూ బతికేస్తాయి.

మట్టివాసన సంగతి చెప్పలేదు కదూ. నీలిఆకుపచ్చ నాచు, కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. తొలకరి పడ్డప్పుడు నేల నుంచి లేచే కమ్మని వాసన కూడా దానిదే. చినుకులో బాగుంటుంది, చేపల పులుసులో కాదు. పొలాల నుంచి యూరియా, డీఏపీ కొట్టుకొచ్చి, ఊళ్లో మురుగు కూడా చేరితే ఆ నాచు విరగబడుతుంది. మీ చెరువులోకి నీళ్లు ఏ గెడ్డ (వాగు) నుంచి వస్తున్నాయో, దారిలో ఏమేం కలుస్తున్నాయో ఓసారి నడిచి చూడండి.

ఇంకో పని. తన చిన్నప్పుడు ఆ చెరువులో ఏయే చేపలు దొరికేవో అమ్మమ్మని అడిగి రాసుకోండి. పరిగెల్లాంటివి పోయి కొరమేను, మార్పు, ఇంగిలాయి చేపలు మాత్రమే మిగిలాయంటే, అవి పైకొచ్చి గాలి పీల్చి బతికే రకాలు. ఆ జాబితా, పళ్లెంలో ఏం కదిలిందో కలిపి నాకు రాయండి.