ఇంగ్లండ్‌లో ప్రైవేట్ పార్కింగ్ నోటీసు 100 పౌండ్ల నుంచి 170 ఎలా అవుతుంది? ప్రభుత్వం దీన్ని ఆపుతుందా?

సూపర్ మార్కెట్ కార్ పార్కులో ప్రైవేట్ కంపెనీ ఇచ్చేది పోలీసు జరిమానా కాదు, ఒప్పందం కింద అడిగే డబ్బు. మామూలుగా గరిష్ఠం 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 60. కట్టకపోతే బాకీ వసూలు ఏజెన్సీ ఉత్తరం రాసి మరో 70 కలుపుతుంది. ఉత్తరం ముక్కకి 70 అంటే దబాయింపే.

2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఈ అదనపు రుసుమును నిషేధిస్తూ నియమావళి తెచ్చింది. కంపెనీలు కోర్టుకెక్కడంతో జూన్‌లో వెనక్కి తీసుకుంది. 2025 జులైలో మళ్లీ ప్రజాభిప్రాయం అడిగింది. అడిగినంత మాత్రాన మీ పాత నోటీసు రద్దవదు.

ఏజెన్సీ ఉత్తరాలకు టెన్షన్ వద్దు, కోర్టు తీర్పు లేకుండా వాళ్లు సామాన్లు పట్టుకుపోలేరు. కోర్టు క్లెయిమ్ ఫారం (మీ మీద కేసు వేశారని తెలిపే కాగితం) వస్తే మాత్రం గడువులోగా జవాబివ్వాలి. ఇళ్లు మారే మన స్టూడెంట్లకు ఇక్కడే చిక్కు: డీవీఎల్ఏ (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) రికార్డులో పాత అడ్రస్ ఉంటే, ఫారం అక్కడికే వెళ్లి, మీకు తెలియకుండానే తీర్పు వచ్చేయొచ్చు.