వాళ్లు నీళ్లు పెడుతుంటే మనల్ని ఆరబెట్టమంటారేంటి?

ప్రశ్న: కొల్లేరు పక్క పల్లపు చేలో దాళ్వా (రబీ) వరి వేశాను, నాట్లేసి నెలయింది. అడుగు పెడితే బుడగలు, కుళ్లిన గుడ్ల వాసన. అది భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు, చేను ఆరబెట్టమంటున్నారు. యూరప్‌లో మాత్రం ఎండిన చిత్తడి నేలలకు మళ్లీ నీళ్లు పెడుతున్నారట. ఏది నిజం?
– ఏలూరు జిల్లా రైతు

జవాబు: రెండూ నిజమేనండీ, నేలలే వేరు. వాళ్లవి పీట్ నేలలు. నాచు, రెల్లు లాంటివి నీళ్లలో పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పొరలుగా పేరుకున్నవి. భూభాగంలో సుమారు 3 శాతమే ఉన్నా ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటికంటే ఎక్కువ కర్బనం వాటిలోనే ఉంది. కాలవలు తవ్వి ఎండగడితే గాలి తగిలి ఆ కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా ఏటా పోతూనే ఉంటుంది, నేలా కుంగిపోతుంది. అందుకే నీళ్లు పెడుతున్నారు. అలాగని ముంచేసినా చిక్కే. జర్మనీ ఈశాన్యంలో పీనె నది లోయలో కొన్ని పొలాలు లోతులేని చెరువులైపోయి, మునిగిన పచ్చగడ్డి అడుగున కుళ్లి ఏళ్ల తరబడి మీథేన్ బాగా వచ్చింది. నీటిమట్టం నేలకు కాస్త కిందే ఉంచితే మేలని అక్కడ తేలింది. మీథేన్ గాలిలో ఉండేది 12 ఏళ్లే, కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు, కాబట్టి మొత్తం మీద వాళ్లకు తడే లాభం.

మీ డెల్టా బంకమట్టి పీట్ కాదు, ఆరితే పోయే పాత నిల్వ అంత లేదు. అక్కడ మునిగిన గడ్డి చేసిన పనే మీ చేలో సార్వా (ఖరీఫ్) కొయ్యకాళ్లు, గడ్డి చేస్తున్నాయి. మీథేన్‌కు వాసన ఉండదు, ఆ గుడ్ల కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, పైరుకు చేటు చేసేది అదే. ఒక దుబ్బు పీకి చూడండి, వేర్లు నల్లబడి ఉంటే ఆలస్యం చేయకుండా నీళ్లు తీసేయండి, నేల సన్నగా నెర్రెలిచ్చే దాకా ఆగి మళ్లీ పెట్టండి.

తర్వాత ఒక అడుగు పొడవున్న పీవీసీ గొట్టానికి చిల్లులు పెట్టి, సగానికి పైగా నేలలోకి దించి, లోపలి మట్టి తీసేయండి. అందులో నీరు నేలమట్టానికి 15 సెం.మీ. కిందకి దిగాక మళ్లీ తడి ఇవ్వండి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మాత్రం చేను అసలు ఆరకూడదు. మీ చేలో చౌడు ఉంటే ఇంతలా ఆరబెట్టొద్దు, ఉప్పు పైకి తేలుతుంది, పాత నీరు తీసి కొత్త నీరు పెడితే చాలు.

వచ్చే ఏడు సార్వా కోత అవగానే గడ్డిని పశువులకు తోలేయండి, కాల్చకండి. మిగిలిన కొయ్యలను దమ్ముకు నెల ముందే పొడి దుక్కిలో కలిపేయగలిగితే మంచిది. సార్వాలో మాత్రం మీ పల్లంలో మురుగు దిగదు, అప్పుడు ఆరబెట్టాలని టెన్షన్ పడకండి.