అమ్మకు కీమో నడుస్తుండగా ఇంట్లో పెళ్లి పెట్టుకోవచ్చా? మేం పెట్టుకున్నాం

ఇక్కడ ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది, కీమో నడుస్తోంది. చెల్లికి మంచి సంబంధం కుదిరింది. ముందు అమ్మ బాగవనీ, తర్వాత చూద్దాం అంటున్నారు బంధువులు. ఆగాలా, చేసేయాలా?"

చేసేయండి తల్లీ. మీ అమ్మగారికి ఉన్నదే నాకూ ఉంది కాబట్టి అంత గట్టిగా చెబుతున్నాను.

నాకు 2021లో ఎడమవైపు గడ్డ కనిపించింది. అప్పటికి నాకు 48 ఏళ్లు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. అయిపోయిందిలే అనుకున్నాం. 2023 డిసెంబరులో నడుం నొప్పని వెళ్తే వెన్నెముకలో, తుంటి ఎముకలో కనిపించింది. "ఇది పూర్తిగా పోయేది కాదమ్మా, అదుపులో పెట్టుకుంటూ బతకాలి" అని డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకునే చెప్పింది. అంటే మా బంధువులు చెప్పే 'బాగయ్యాక' అనే రోజు మా ఇంటి క్యాలెండర్లో లేదు. మీ ఇంట్లోనూ ఉండకపోవచ్చు. లేని రోజు కోసం ఉన్న పెళ్లి ఆపుతారా?

మేం ఉండేది విశాఖపట్నంలో కూర్మన్నపాలెం. మావారు స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు. శ్రీకాకుళం అవతలి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి, పొద్దున్నే టిఫిన్ క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చున్నవాళ్లను చూసినప్పుడల్లా ఈ దగ్గరతనానికి కూడా ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటాను.

ఇక మా అమ్మాయి సంగతి. సంబంధం 2023 దసరా నుంచే మాటల్లో ఉంది. అబ్బాయి వాళ్లది మధురవాడ, వాళ్లూ మాలాగే క్రైస్తవ విశ్వాసులే. డిసెంబరు రిపోర్టు రాగానే మా ఇంట్లో ఆ మాట అటకెక్కింది. మా ఆడపడుచు ఒకరోజు వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "వాళ్లకి చెప్పకు వదినా. తల్లికుంటే పిల్లకీ వస్తుందనుకుంటారు. పెళ్లయ్యాక నెమ్మదిగా తెలుస్తుందిలే." ఆమె చెడ్డది కాదు. మేనకోడలి మీద ప్రేమతోనే అంది. కానీ ఆ మాట నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

2024 జనవరి 27, శనివారం. పెళ్లి తేదీ మాట్లాడుకోవడానికి వాళ్లు వచ్చారు. నాకు మొదటి కీమో జనవరి 8న పడింది. సరిగ్గా ఆ వారమే జుట్టు దువ్వెనకు గుప్పెళ్లుగా వచ్చేస్తోంది. చీర కొంగు తల మీద కప్పుకుని కూర్చున్నాను. మా ఇళ్లలో ప్రార్థనకు ఆడవాళ్లం ముసుగు వేసుకుంటాం కదా, ఎవరికీ అనుమానం రాదని ఆడపడుచు లెక్క. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక ఆడవాళ్లందరూ కొంగు దించేశారు. నేను దించలేదు. అబ్బాయి వాళ్లమ్మ నావైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుంది.

టీ వచ్చింది. తేదీల మాట మొదలైంది. మాకు ముహూర్తాల పట్టింపు లేదు గానీ మా లెక్కలు మాకుంటాయి. ఆ ఏడాది ఫిబ్రవరి 14 నుంచి శ్రమల దినాలు, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం, ఆ నలభై రోజుల్లో మా చర్చిలో పెళ్లిళ్లు చేయరు. ఆలోపు చేద్దామంటే పెళ్లి ప్రకటన చర్చిలో మూడు ఆదివారాలు చదవాలి, అది చదివేసరికే శ్రమల దినాలు వచ్చేస్తాయి. ఈస్టర్ మార్చి 31న. "అయితే మేలో పెట్టుకుందాం, సెలవులు కూడా ఉంటాయి" అన్నారు అబ్బాయి నాన్నగారు. అందరూ సరే అంటున్నారు. నేను లేచి లోపలికి వెళ్లాను.

నా ఆసుపత్రి ఫైలు తెచ్చి జంతికల పళ్లెం పక్కన పెట్టాను. కొంగు కూడా దించేశాను.

"అన్నయ్య గారూ, వదిన గారూ, మీకు తెలియకుండా పిల్లనివ్వడం నాకిష్టం లేదు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఎప్పుడొచ్చింది, ఎక్కడికి పాకింది, డాక్టరమ్మ ఏమంది, అన్నీ. మావారు తలెత్తలేదు. ఆడపడుచు టీ కప్పులన్నీ ఏరుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది, సగం కప్పుల్లో టీ ఇంకా ఉంది. అబ్బాయి నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని మొదటి కాగితం చదువుతూ కూర్చున్నారు. అది ఒక్క పేజీయే. చాలాసేపు అదే చదివారు.

అప్పుడు వదిన గారు, అంటే అబ్బాయి వాళ్లమ్మ, అడిగారు: "ఈ మందు పడ్డాక ఏ వారంలో మీకు అన్నం సయిస్తుంది?"

నాకు మొదట అర్థం కాలేదు. మళ్లీ అడిగారు. "మూడో వారంలో" అన్నాను.

"అయితే మూడో వారంలోనే పెట్టుకుందాం. పెళ్లికూతురి తల్లి పెళ్లి భోజనం తినకపోతే ఎలా?"

అబ్బాయి మాత్రం ఒక్క ప్రశ్న వేశాడు, మా అమ్మాయి ఏ వయసు నుంచి చెకప్ చేయించుకోవాలని. తర్వాత డాక్టరమ్మను అడిగి చెప్పాను. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమేనట, అనుమానముంటే దానికి రక్తపరీక్ష కూడా ఉందట. మా అమ్మాయిని మాత్రం నాకు వచ్చిన వయసు కంటే పదేళ్ల ముందు నుంచే చూపించుకోమంది. ఇంత చిన్న విషయానికి భయపడి ఎన్ని ఇళ్లలో ఎంతమంది తల్లులు విగ్గులు పెట్టుకుని నోరు మూసుకుని కూర్చుంటున్నారో! దాచి చేసిన పెళ్లి నిలబడదు, ఇది నా నమ్మకం. చెబితే పోయే సంబంధం పోనివ్వండి. అది మీ చెల్లికి మేలే.

గోడ మీద క్యాలెండర్ తీసి, పెన్సిల్‌తో ఇరవై ఒక్క రోజులకోసారి సున్నాలు చుట్టాం. జనవరి 29, ఫిబ్రవరి 19, మార్చి 11, ఏప్రిల్ 1, ఏప్రిల్ 22. మీరూ ఇలాగే చేయండి. మూడు వారాలకోసారి పడే కీమోలో ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల కణాలు బాగా పడిపోతాయి, అప్పుడు జనంలోకి వెళ్లకూడదు. మూడో వారానికి మళ్లీ లేస్తాయి. మందును బట్టి ఇది మారుతుంది కాబట్టి మీ డాక్టరును అడిగే తేదీ పెట్టండి. మే అనుకున్నది ముందుకు జరిపితే, మాకు ఏప్రిల్ 18, గురువారం కుదిరింది. మూడు రోజుల ముందు రక్తపరీక్ష చేయించుకుని, కణాలు సరిపడా ఉన్నాయన్నాకే చీర ఇస్త్రీకి ఇచ్చాను.

మధ్యలో ఎన్నికలొచ్చి పడ్డాయి. మార్చి 16 నుంచి కోడ్. 50,000 దాటి నగదు తీసుకెళ్తే కాగితాలు చూపించాలి. పాతనగరంలో కురుపాం మార్కెట్‌కి బంగారం కోసం వెళ్తుంటే దారిలో ఆపారు. బ్యాంకు చీటీ ఉంది, శుభలేఖ ఉంది, అయినా ఎండలో ఇరవై నిమిషాలు నిలబెట్టారు. నడుం నొప్పితో ఉన్న మనిషిని కాసేపు కూర్చోబెడదామని ఒక్కరికీ తోచలేదు. నియమం మంచిదే, కుర్చీ వేయడానికి ఏ నియమం అడ్డొచ్చింది?

ఇంకో బాధ కూడా చెప్పాలి, ఇది మన వాళ్ల గురించే. ఆ రోజుల్లో బయటి ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు మా ఇంట్లో కూర్చుని "మందులు మానేసి విశ్వాసంలో నిలబడమ్మా, కీమో వేయించుకుంటున్నావంటే దేవుణ్ణి నమ్మనట్టే" అన్నాడు. మా పాస్టరు అయ్యగారికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "సువార్త రాసిన లూకా వైద్యుడు కాదా?" అని అడిగి ఆయన్ని గుమ్మం దాకా పంపించి వచ్చారు. నేను ప్రార్థన చేసుకునే మాత్ర వేసుకుంటాను. ఆ మాత్ర కనిపెట్టిన బుర్రను ఇచ్చింది కూడా ఆయనే. మీ అమ్మగారి దగ్గరికి ఇలాంటివాళ్లు వస్తే లోపలికి రానివ్వకండి.

పెళ్లి ముందురోజు శ్రీరామనవమి పడింది. వీధి చివర పందిరి, మైకు. మా పక్కింటి పిన్ని గారు ఏటా పానకం, వడపప్పు పంపిస్తారు. కాచని నీళ్లు నేను తాగకూడదని ఆవిడకు తెలుసు. ఆ రోజు నీళ్లు కాచి చల్లార్చి, అందులో అనకాపల్లి బెల్లం కలిపి, విడిగా మూతపెట్టిన గ్లాసులో తెచ్చారు. "రేపు నీకు ఓపిక కావాలి కదమ్మా" అన్నారు. మాది వేరే ప్రార్థన, ఆవిడది వేరే పూజ. ఆ గ్లాసు ఖాళీ చేసేదాకా నా ముందే కూర్చున్నారు.

పెళ్లి రోజు గురించి ఎక్కువ రాయను, అందరి పెళ్లిలాగే జరిగింది. కుడి చేతికే గాజులు వేసుకున్నాను. ఎడమ చంకలో గ్రంథులు తీసేశారు కాబట్టి ఆ చేతికి బిగుతు గాజులు వద్దు, బీపీ పట్టీ కూడా వద్దు. మీ అమ్మగారికీ అలా తీసి ఉంటే గాజులు అమ్మే అమ్మాయికి ముందే చెప్పండి. బిర్యానీ రెండు ముద్దలు, పెరుగన్నం ఒక గిన్నె తిన్నాను. అబ్బాయి వాళ్లమ్మ, అంటే మా వియ్యపురాలు, తన పళ్లెం పట్టుకుని నా పక్కనే కూర్చుని నేను తినేదాకా చూశారు. సాయంత్రం వచ్చిన చుట్టాలు మాత్రం నన్ను చూసి "పాపం, ఎలా ఉండే మనిషి" అని నా ముందే నా గురించి మాట్లాడుకున్నారు. పెళ్లిలో తల్లిని పలకరించడానికి ఇంకో మాట దొరకదా? "అమ్మాయి బాగుంది" అనండి చాలు. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 22న, ఆఖరి కీమోకి నన్ను తీసుకెళ్లింది మా కొత్త అల్లుడే.

ఆ తర్వాత ఇప్పటిదాకా రోజూ హార్మోను మాత్ర, నెలకోసారి ఎముకలకు ఇంజెక్షన్. స్కాన్ దగ్గరపడితే ఇప్పటికీ టెన్షనే, కాదని అబద్ధమాడను. అయినా 2025లో మా అబ్బాయి బీటెక్ పూర్తయింది. అదే ఏడాది మనవడు పుట్టాడు. బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠ రోజున వాణ్ణి చర్చిలో అయ్యగారి చేతికి అందించింది నేనే, ఎడమ చేతికి బరువు పడకుండా వాళ్లమ్మ కింద చెయ్యి పెట్టింది. ప్రతిదానికీ ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం, పది మందికి ఉప్మా, టీ, అంతే. మన క్రైస్తవుల ఇళ్ల మీద 'ఎబెనెజరు' అని పేరు కనిపిస్తుంది కదా, ఇంతవరకు దేవుడు సహాయం చేశాడని బైబిల్లో సమూయేలు ప్రవక్త నిలబెట్టిన రాయి పేరు. 'ఇంతవరకు' అన్నాడు, ఇకముందు సంగతి ఎత్తలేదు. నాకు ఆ మాట సరిపోయింది.

తల్లీ, మీరు అడిగింది ఆగాలా వద్దా అని. ఈ రాత్రి మీ అమ్మగారి ఫైలు తీసి, కీమో ఎన్ని రోజులకోసారో చూడండి. క్యాలెండర్ మీద సున్నాలు చుట్టండి. ఆ ఫైలు పట్టుకెళ్లి అబ్బాయి వాళ్లకు చూపించండి, అమ్మనే చూపించనివ్వండి ఇంకా మంచిది. పెళ్లి రోజున జ్వరం 100.4 దాటితే మాత్రం ఎవరి మాటా వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, అందుకోసం ఒక కారు హాలు బయట ఉంచుకోండి. తేదీ కుదిరాక ఇక్కడే రాయండి. శుక్రవారం మా ఉపవాస ప్రార్థనలో మీ అమ్మగారి కోసం ఆ తేదీ చెబుతాను.